చెవులపిల్లి

“చివరగా దీన్ని ముట్టుకున్నదెవరు?” అన్నాడు భర్త, బల్ల కిందకి తొంగి చూస్తూ.

ఆ ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే. మిక్సీ కాలినా, కుళాయి కారినా, గోడ గడియారం ఆగినా చివరగా ముట్టుకున్నది ఆమే అయి ఉంటుంది. తుడిచేది ఆమె, దులిపేది ఆమె, సర్దేది ఆమె. ముట్టుకోకుండా తుడిచే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు మరి.

“పొద్దున తుడిచాను,” అంది.

“తడిగుడ్డతోనా?”

“బాగా పిండిన గుడ్డేనండీ.”

“అదీ సంగతి! నీళ్ళు లోపలికి పోయుంటాయి. తెలియని వస్తువుల జోలికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

అంటూనే నేలమీదున్న డెస్క్‌టాప్ బటన్‌ను కాలి బొటనవేలితో మళ్ళీ మళ్ళీ పొడిచాడు. వంగడానికి బద్ధకం, ఏళ్ళ తరబడి దాన్ని ఆన్ చేసేది కాలితోనే. దీపం లేదు, చప్పుడు లేదు. ఇళ్ళకు ప్లాన్లు గీసే మనిషి, గీసినవన్నీ అందులోనే ఉన్నాయి. సాయంత్రం మెకానిక్‌ను పట్టుకొస్తానని, అందాకా దాని దగ్గరికి కూడా వెళ్ళొద్దని చెప్పి, చెప్పులేసుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

తెలియని వస్తువు! ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళికి ముందు ఆమె పనిచేసింది కంప్యూటర్లు బాగుచేసే షాపులో. టైలరు కొట్టు పైన ఇరుకు గది, కిందనుంచి కుట్టుమిషన్ల రొద, లోపల కాలిన సీసం వాసన, పొడుగాటి బల్ల మీద మూతలు తీసిన పెట్టెలు. చచ్చిన కంప్యూటర్ వస్తే మాస్టారు మొట్టమొదట అడిగేదీ ఇదే ప్రశ్న, చివరగా ముట్టుకున్నదెవరండీ అని. తప్పు ఎవరి నెత్తిన రుద్దాలో చూడ్డానికి కాదు, ఎక్కణ్ణుంచి వెతకాలో తెలియడానికి. ఆ గదిలో ఆ మాటకు ఎవరూ తల దించుకోలేదు. పక్క స్టూలు మీద కూర్చునే అమ్మాయికి దళసరి కళ్ళద్దాలుండేవి, ఆమెను సోడాబుడ్డి అనేవారు. పెట్టెకు చెవి ఆనించి లోపలి రోగం చెప్పేది కనుక ఈమెకు చెవులపిల్లి అని పేరు పెట్టారు. ఎవరైనా చచ్చిన పెట్టెను బతికించారనుకోండి, మాస్టారు రేడియో కట్టేసేవారు. అందరూ చేతిలో పని ఆపేవారు. బాగుచేసిన వాళ్ళే బటన్ నొక్కాలి, ఫ్యాను తిరిగిన చప్పుడు అందరూ వినాలి. అదీ అక్కడి మర్యాద. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఆ తర్వాత ఆమె చేసిన ఏ పని కోసమూ ఎవరూ రేడియో కట్టెయ్యలేదు.

“స్క్రూలు తిప్పే ఉద్యోగమేంటి, నలుగురిలో చెప్పుకోడానికేం బాగుంటుంది?” అన్నాడు భర్త పెళ్ళయిన కొత్తలో. కొన్నాళ్ళు మానేద్దామనుకుంది. ముందు పాప పుట్టింది, తర్వాత పాప బడి, ఆ తర్వాత అత్తగారి మోకాళ్ళు. ఆ కొన్నాళ్ళు కాస్తా ఏళ్ళయి కూర్చున్నాయి.

మొన్న సోడాబుడ్డి ఫోన్ చేసింది. “మాస్టారు షాపు నాకప్పగించేశారే. సోమవారం నుంచి వచ్చెయ్.”

“నా చేతులకు ఇప్పుడేం గుర్తుందే?”

“అది నీ చేతుల్నే అడుగు. శనివారం సాయంత్రంలోగా చెప్పకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి నేను.”

ఇవాళే శనివారం. భర్త వద్దంటాడన్న భయం ఉంది. కానీ అంతకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. నిజంగానే మర్చిపోయి ఉంటే? అక్కడికెళ్ళి ఆ బల్ల ముందు తెల్లమొహం వేస్తే? ఇన్నేళ్ళూ దాచుకున్న ఆ గది కూడా పోతుంది. మిగిలింది అదొక్కటే.

అంట్లు అలాగే వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి బల్ల కిందకి దూరింది. గోడ ప్లగ్గులో టేబుల్ లైటు పెట్టి చూసింది, వెలిగింది. మానిటర్ తీగ పీకి కంప్యూటర్ పెట్టెకు పెట్టి చూసింది, ఉలుకూ పలుకూ లేదు. తీగలన్నీ తీసేసి, పెట్టెను హాల్లోకి లాగింది.

“షాక్ కొడుతుందే అమ్మాయ్,” అంది మంచం మీద పడుకుని టీవీ చూస్తున్న అత్తగారు.

“కరెంటు తీసేశానత్తయ్యా. స్క్రూడ్రైవర్ ఎక్కడుందో తెలుసా?”

అత్తగారు మూలకి చూపించింది. “నా కుట్టుమిషను సొరుగులో ఉంది చూడు. ఆ మిషన్ని విప్పి బిగించేదాన్ని ఒకప్పుడు. మీ మామయ్య చూసి, ఆడదానివా మెకానిక్‌వా అన్నారు. మళ్ళీ ముట్టుకోలేదు.” అని నెమ్మదిగా లేచి కూర్చుంది. “విప్పు. వాడికి నేను చెప్పన్లే.”

మూత తీసింది. దుమ్ము మేటలు వేసి ఉంది, తడి మాత్రం చుక్క కూడా లేదు. కరెంటు తీగ మళ్ళీ పెట్టగానే లోపల బోర్డు మీద చిన్న పచ్చదీపం వెలిగింది. అంటే కరెంటు అక్కడిదాకా వస్తోంది. మరి బటన్ మాట ఎందుకు వినడం లేదు? బటన్ నుంచి వచ్చే సన్నతీగను బోర్డు మీంచి పీకేసింది. అక్కడ రెండు చిన్న ముళ్ళున్నాయి. వెతుక్కోలేదు, వేళ్ళు వాటంతటవే అక్కడికి వెళ్ళాయి. స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండింటినీ ఒక్క క్షణం కలిపింది.

ఫ్యాను గుర్రుమంది.

అత్తగారు టీవీ కట్టేసింది. ఎవరూ చెప్పకుండానే. కోడలికి కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

పెట్టెకు ప్రాణం ఉంది, చచ్చింది బటనే. కాలివేలి పోట్లకు లోపలికి కుంగిపోయింది. పక్కనే రీసెట్ బటన్ ఉంది, దాన్ని ఎవరూ వాడరు. దాని తీగ తెచ్చి ఆ ముళ్ళకు తగిలించింది. ఇక ఆ చిన్న బటనే దిక్కు. మూత బిగించి, అంతా యథాస్థానంలో పెట్టి ఫోన్ తీసింది. సోడాబుడ్డి నంబరు దాకా వెళ్ళి ఆగింది. ముందు ఇంట్లో ఓ మాట చెప్పాలి కదా అనుకుంది.

సాయంత్రం భర్త మెకానిక్ దొరక్క ఒక్కడే వచ్చాడు. వెలుగుతున్న తెర చూసి నోరు తెరిచాడు. “ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు, నేనే చూశా. తడిగుడ్డ కాదండీ, మీ కాలివేలు. బటన్ విరిగింది.”

కూర్చుని తన ప్లాన్లన్నీ తెరిచి చూసుకున్నాడు. “ఇదంతా నీకింకా గుర్తుందా!” అన్నాడు. ఆ గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. ఆ ఒక్క మాటకే ఆమె మనసు ఎంత తేలికపడిందో! సోమవారం సంగతి ఇప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచింది.

“పోన్లే, ఇంక మెకానిక్ బెడద లేదు,” అన్నాడతను తెర మీంచి చూపు తిప్పకుండా. “అన్నయ్యవాళ్ళది కూడా మొరాయిస్తోందట. రేపు వంటయ్యాక వెళ్ళి చూసేసిరా. ఎలాగూ వెళ్తావు కదా, వదినకి ఇల్లు సర్దడంలో కాస్త సాయం చేసినట్టూ ఉంటుంది.”

వంటయ్యాక. పొద్దుట్నుంచీ చేతుల్లోకి తిరిగొచ్చిన విద్య అంట్లకీ బట్టల ఉతుక్కీ మధ్య ఇంకో పనిగా వెళ్ళి కూర్చోవడం కళ్ళారా చూసింది. కోపం వచ్చింది. అయితే గొంతు పెంచాల్సిన అవసరం మాత్రం కనిపించలేదు.

“దాన్ని మా పాత షాపుకి పంపించమనండి బావగారిని,” అంది సోడాబుడ్డి నంబరు నొక్కుతూ. “సోమవారం నుంచి నేను అక్కడే ఉంటాను.”