జుమాను ఎక్కించిన రైలు

ఆ ఎండాకాలం మా యూనివర్సిటీలో తార్నాక వైపున్న హాస్టల్ గేటు ముందు మెస్ పనివాళ్ళు ముప్పైమంది కూర్చున్నారు. పనిలోంచి తీసేసిన నలుగురిని మళ్ళీ పెట్టుకోవాలని పట్టుబట్టారు. మెస్ కాంట్రాక్టరు జీపు వాళ్ళ మీదికే వచ్చింది. ముందు వరసలోని సోమమ్మ వెంటనే లేవలేకపోయింది. జుమా ఆమెను రెక్క పట్టి పక్కకు లాగాడు. జీపు గేటు స్తంభాన్ని గుద్దుకుంది. డ్రైవరు తల పగిలింది. ఇదంతా నేను కళ్ళారా చూశాను.

జుమా టాంజానియా నుంచి భూగర్భశాస్త్రం చదవడానికి వచ్చాడు. హాస్టల్లో నా పక్క గది. నాది అనంతపురం జిల్లా. మా ఇద్దరికీ అన్నం వడ్డించేది సోమమ్మే.

డ్రైవరును కొట్టామంటూ పోలీసులు జుమాను, వంటమేస్త్రి గట్టయ్యను, నన్ను పట్టుకుపోయారు. సాయంత్రానికి నాకు మా లెక్చరరు, గట్టయ్యకు మల్కాజ్‌గిరిలో ఉండే బామ్మర్ది జామీను పడ్డారు. జుమాకూ తానే ఉంటానన్నాడు లెక్చరరు.

"పరదేశోనికి జామీను లేదు సార్. రేపు ఓడెక్కి పోతే ఎవర్ని పట్టుకోవాలె?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పాస్‌పోర్టు తీసుకున్నందుకు రసీదని చెప్పి, తెలుగులో రాసిన కాగితం మీద జుమా చేత సంతకం పెట్టించారు. కోర్టులో అది, కూలీలను రెచ్చగొట్టి డ్రైవరును రాయితో కొట్టానని ఒప్పుకుంటూ అతను మేజిస్ట్రేటుకు పెట్టుకున్న అర్జీగా తేలింది.

"నేను ఒప్పుకున్నది ఏ భాషలో?" అని జుమా ఇంగ్లీషులో అడిగాడు. ఆ ప్రశ్న ఎవరూ రాసుకోలేదు.

సోమమ్మ లేచింది. "అయ్యా, జీపు కింద పడి సావాల్సినదాన్ని నేను. నన్నడుగున్రి."

"సాక్షుల జాబితాలో నీ పేరు లేదు," అన్నాడు మేజిస్ట్రేటు.

"నేను గీడనే ఉన్న గదయ్యా."

బంట్రోతు ఆమెను బయటికి తోలాడు. జుమాకు నెల శిక్ష పడింది. అది ముగియగానే దేశం దాటించాలని సర్కారు ఉత్తర్వు కూడా వచ్చింది.

అప్పటికి ఆ నలుగురు తప్ప పనివాళ్ళంతా మళ్ళీ పనిలోకి దిగారు. జుమాను పంపకుండా ఏం చెయ్యాలా అని తార్నాకలో గట్టయ్య ఇంటి ముందు మీటింగు పెట్టుకున్నాం.

"ఆయన ఎట్లన్న పోతడు," అన్నాడు గట్టయ్య. "మనం ఈడనే బతకాలె. నలుగురు పోయిండ్రు. ఇగ అందరం పోదామా?"

"ఆయనకేం పనుండె గట్టన్నా, జీపుకు అడ్డం రానీకె?" అంది సోమమ్మ.

గట్టయ్య తల దించుకున్నాడు గాని ఒప్పుకోలేదు. విద్యార్థుల్లో చాలామంది పరీక్షలున్నాయన్నారు. ఒకడైతే "వాడు మనోడా?" అన్నాడు. నేను నోరు విప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

ఓడెక్కించడానికి జుమాను బొంబాయి తీసుకుపోయే రోజు సికింద్రాబాద్ స్టేషనుకు వందమంది వస్తారనుకున్నాం. పదకొండుమందే వచ్చాం. కిటికీ పక్కన సంకెళ్ళతో కూర్చున్న జుమా చాలా చిక్కిపోయాడు.

"అన్నం తిన్నవా, సోమమ్మా?" అన్నాడు. మా మెస్‌లో నేర్చుకున్న తెలుగు.

"తిన్న బిడ్డా," అంది ఆమె. పొద్దుటినుంచి ఆమె ఏమీ తినలేదు.

ఎవరూ చెప్పకుండానే ఆమె ప్లాట్‌ఫారం దిగి ఇంజను ముందు కూర్చుంది. మేమూ కూర్చున్నాం. లాఠీలు విరిగేలా కొట్టారు. ఈడ్చి పక్కన పడేశారు. రైలు కదలకుండా ఆపగలిగింది పావుగంటే. జుమా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతని సంగతి ఏమీ తెలియలేదు.

మూడు వారాలు జైల్లో ఉంచి మమ్మల్ని వదిలారు. జైలు గేటు దగ్గర గట్టయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. సోమమ్మ ముఖంలోకి చూడలేకపోయాడు.

"మీ కొలువులు పోయినయి," అన్నాడు. "ఇయ్యాల పొద్దుగాల నేను పొయ్యి ముట్టియ్యలే. నన్ను జూసి మూడు హాస్టళ్ళల్ల ముట్టియ్యలే. అందరు గేటుకాడ కూసున్నరు."

"పోలీసులొచ్చిండ్రా?"

"రెండు లారీలు."

"గెలుస్తమంటవా గట్టన్నా?"

"గెలువం," అన్నాడు గట్టయ్య.

లాఠీదెబ్బకు విరిగిన చెయ్యిని కొంగుతో మెడకు కట్టుకుని సోమమ్మ తార్నాక హాస్టల్ గేటు దారి పట్టింది. ఆమె వెనక మేమందరం నడిచాం.