బొటనవేలికో చోటు

నేను ఒక రాయిని. కొండ మీంచి దొర్లి వచ్చిన రాయిని కాదు, ఎవరో కూర్చుని ఓపికగా చెక్కిన రాయిని. చూడటానికి పెద్ద బాదంకాయలా ఉంటాను. ఒక కొస మొనదేలి ఉంటుంది, రెండో కొస గుండ్రం. అంచుల పొడవునా పెచ్చులు లేచిన గుర్తులుంటాయి. ఒక పక్కన మాత్రం చిన్న గుంట ఉంది. నా కథంతా ఆ గుంటదే.

నన్ను చేసిన మనిషి పేరు నాకు తెలియదు. అప్పటికి మనుషులకు పేర్లున్నాయో లేదో. గుండ్లకమ్మ ఏటి ఒడ్డున నన్ను తొడ మీద పెట్టుకుని గుండ్రాయితో కొట్టడం మాత్రం గుర్తుంది. దెబ్బకో పెచ్చు ఊడేది. దెబ్బదెబ్బకూ మధ్య నన్ను చేతిలో తిప్పి చూసుకోవడం జరిగేది. ఆఖర్న బొటనవేలు ఆనుకునేందుకు ఆ గుంట చేసి, వేలు అందులో పెట్టి, నన్ను గట్టిగా పట్టుకున్నప్పుడు నా పుట్టుక పూర్తయింది. కొన్నాళ్లు దుంపలు తవ్వాను, ఎముకలు పగలగొట్టాను. ఒకరోజు ఆ చెయ్యి నన్ను ఇసుకలో పెట్టి వెళ్లింది, మళ్లీ రాలేదు. ఎక్కడికి పోతున్నారో రాయికి చెప్పి పోయే అలవాటు మనుషులకు అప్పుడూ లేదు.

ఎన్నేళ్లు అలా పడి ఉన్నానో నాకు లెక్క లేదు. చదువుకున్నవాళ్లలో ఒకరు లక్షేళ్లంటారు, ఇంకొకరు రెండు లక్షలంటారు. వాళ్లకది వాదన. నాకది ఇసుక.

నన్ను ఇసుకలోంచి తీసింది మార్కాపురం చెన్నకేశవులు. బడిపిల్లల పలకలు చేసే ఫ్యాక్టరీలో మేస్త్రీ. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేరని మొక్కుకుని ఏటి స్నానానికి వచ్చాడు. మునిగి లేచేసరికి నేను కాలికి గుచ్చుకున్నాను. నా ఆకారం చూసి దేవుడే ఎదురొచ్చాడనుకున్నాడు. తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పటాల మధ్య కూర్చోబెట్టాడు. దుంపలు తవ్విన నేను దేవుణ్నయ్యాను. కాదని చెప్పే నోరు నాకు లేదు.

ఆయన భార్య ఓబులమ్మ రోజూ నాకు నీళ్లు పోసేది. ఆమెది ఎడమచేతి వాటం. ఒకరోజు ఏదో ధ్యాసలో ఎడమచేత్తో చెంబెత్తి నా మీద పోసింది. కేశవులు చూశాడు. దేవుడికి ఎడమచేత్తో నీళ్లా, ఇంకెట్లా కలుగుతారే మనకు పిల్లలు, అన్నాడు. ఆమె చెంబు కుడిచేతికి మార్చుకుంది. అప్పట్నుంచి నా దగ్గరికొచ్చినప్పుడల్లా ఎడమచేతిని కొంగులో చుట్టుకునేది.

కేశవులు చెడ్డవాడు కాదు. ఆయనకు ఏ ఇష్టమైనా జ్వరంలా వచ్చేది. భక్తి నాలుగేళ్లుంది. తర్వాత హోమియో మందులు వచ్చాయి, వీధిలో వాళ్లందరికీ తియ్యటి గోలీలు పంచాడు. తర్వాత పెరట్లో తేనెటీగలు. వాటికి ఓబులమ్మ భయపడేది, అవి కుట్టేది మాత్రం ఆయన్ను. ఒక్క దాంతో సరిపెట్టుకుంటే ఇంత లోకం ఎందుకున్నట్టు, అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం బాగుండేది. ఓబులమ్మ పని ఆపి మరీ ఆ ముఖం చూసేది.

ఆ తర్వాత షేర్లు వచ్చాయి. పేపరు చివరి పేజీలో చీమల బారులాంటి అంకెల మీద ఎర్ర సిరాతో సున్నాలు చుట్టేవాడు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా పటాల మధ్యనుంచి నన్ను తీసి వాటి మీద పెట్టాడు. ఇలా నేను దేవుడి ఉద్యోగం పోయి బరువు ఉద్యోగంలో చేరాను. మూడేళ్లకు ఆయన డబ్బు పెట్టిన కంపెనీ ఉన్న చోట లేకుండా పోయింది. ఆయన కాగితాలన్నీ ట్రంకు పెట్టెలో వేసి, మంచం మీద గోడవైపు తిరిగి రెండు రోజులు పడుకున్నాడు. నేను నేల మీద మిగిలాను.

ఓబులమ్మ నన్ను కడిగి వంటింట్లో పెట్టుకుంది. వెల్లుల్లి చితక్కొట్టడానికి మొదటిసారి ఎడమచేత్తో నన్నెత్తింది. ఆమె బొటనవేలు పోయి నా గుంటలో కూర్చుంది.

నా మాట నమ్మండి. అంత కాలం తర్వాత ఒక చెయ్యి నన్ను సరిగ్గా పట్టుకుంది. ఆమె కూడా ఆగి, వేలు తీసి, మళ్లీ పెట్టి చూసుకుంది.  అల్లం కూడా నాతోనే దంచింది.

మనిషి పుట్టుక అన్న జ్వరం ఆయనకు యాభై దాటాక పట్టింది. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో నాలాంటి రాయి బొమ్మ చూశాడట. ఇల్లంతా వెతుక్కుంటూ వచ్చి వంటింట్లో నన్ను పట్టుకున్నాడు. నా ఒంటి నిండా వెల్లుల్లి పొట్టు.

"దీన్ని ఏమనుకున్నావే? లక్షేళ్ల నాటి చేతిగొడ్డలి ఇది."

"అయితే ఏమయ్యా," అంది ఓబులమ్మ. "లక్షేళ్ల కింద కూడా ఎవరో ఒకరు వంట చెయ్యాల్సిందే గదా."

ఆయన నవ్వాడు. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్విన రోజుల్లో అదొకటి. తర్వాత ఆయన సెలవు దొరికితే ఏటి గట్ల వెంట పోయి గోనెసంచిలో రాళ్లు మోసుకొచ్చేవాడు. మంచం కింద రాళ్లు, బియ్యం డబ్బా పక్కన రాళ్లు. ఒక్కోదానికీ దారంతో అట్టముక్క కట్టి, అది ఏమిటో రాసేవాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. కుడిచేత్తో ఎట్లా పట్టుకున్నా నేను కుదరలేదు. అంచు అరచేతిలో గుచ్చుకునేది. గుంట ఎందుకుందో ఆయనకు అర్థం కాలేదు. తిప్పాడు, కొలిచాడు, బొమ్మలు గీశాడు, ఊరూరి పండితులకు ఉత్తరాలు రాశాడు. నెలలు గడిచాయి. ఓబులమ్మ ఫ్యాక్టరీ పలకలకు చుట్టూ చెక్కలు బిగిస్తూ పక్కనే కూర్చుని ఇదంతా చూసేది.

ఒకసారి, "ఏమయ్యా, అది..." అంది.

"నీకేం తెలుసే ఇందులో," అన్నాడు. కసిరి కాదు, మామూలుగానే.

ఆమె తిరిగి పలక అందుకుంది. ఆయన అట్ట మీద మూడు ముక్కలు రాసి నాకు కట్టాడు. చేతిగొడ్డలి. పని పూర్తి కాలేదు. పట్టుకోవడానికి వీలుగా లేదు. ఏం రాశావని ఆమె అడిగింది. రాయి సంగతిలే, అన్నాడు. పెళ్లికి ముందు నుంచీ పలకలకు చెక్కలు బిగించిన మనిషి ఆమె. వేలకు వేల పలకలు ఆమె చేతుల మీదుగా ఊళ్లకు పోయాయి. ఒక్కదాని మీదా ఆమె అక్షరం పెట్టలేదు, పెట్టిస్తానని ఎవరూ అనలేదు.

అరవై రెండో ఏట కేశవులుకు కుడివైపు పడిపోయింది. కుడిచెయ్యితో పాటు మాట కూడా పోయింది. ఉన్న చెయ్యిలో బలం పోకుండా ఏదైనా పట్టుకోమని డాక్టరు చెబితే ఓబులమ్మ రబ్బరు బంతి తెచ్చింది. ఆయన దాన్ని తోసేసి, కళ్లతో నన్ను చూపించాడు. ఆమె నన్ను తెచ్చి ఎడమచేతిలో పెట్టింది.

బొటనవేలు గుంటలోకి జారింది.

ఆయన కదలడం మానేశాడు. వేలు తీశాడు, పెట్టాడు. తర్వాత తల మెల్లగా తిప్పి ఓబులమ్మ వైపు చూశాడు. ఆమె కత్తిపీట ముందు కూర్చుని, ఎడమచేత్తో బీరకాయ తరుగుతోంది. ముప్పై ఏళ్లుగా ఆయన ఎదురుగా అలాగే తరుగుతోంది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. నోరు తెరిచి ఎంతో కష్టం మీద ఒక్క అక్షరం తెచ్చాడు.

"ఎ... ఎ..."

"ఎండా?" అని లేచి వచ్చింది ఆమె. "ఎండ కళ్లల్లో కొడతాందా అయ్యా?" కిటికీ రెక్క మూసింది.

ఆయన కాదన్నట్టు తల ఊపాడు. "ఎ... ఎ..." ఇంకా ఎండ తగులుతోందనుకుని ఆమె రెండో రెక్క కూడా మూసింది.

మర్నాడూ అదే అక్షరం, అదే కిటికీ. పదకొండు రోజులు ఆ ఇంట్లో పట్టపగలు చీకటి. పన్నెండో రోజు ఆయన చేతిలోంచి నేను జారి కింద పడ్డాను.

పడ్డ చప్పుడుకు ఓబులమ్మ పరిగెత్తుకు వచ్చింది.

తన రాళ్లన్నీ తీసుకొమ్మని కేశవులు ఎప్పుడో మ్యూజియానికి రాసిన ఉత్తరానికి ఆయన పోయాక జవాబొచ్చింది. ఎదురింటి గౌసియా చదివి చెప్పింది. ఎండాకాలం దాటాక ఆఫీసరు వచ్చి తీసుకుపోతాడట. గౌసియా మధ్యాహ్నాలు తన వరండాలో పెద్దవాళ్లకు చదువు చెప్పేది. మర్నాడు ఓబులమ్మ ఒక పలక పట్టుకుని ఆ వరండా ఎక్కింది. ఆయన ఆఖరిదాకా చేత్తో పట్టుకున్నది ఈ రాయినేనని, దీని మీద ఏం రాశాడో ఇది పోయేలోపు తానే చదవాలని చెప్పింది. నేను చదువుతా గదా అవ్వా, ఒక్క నిమిషం పని, అంది గౌసియా. వద్దమ్మా, అంది ఓబులమ్మ. బలపాన్ని కుడిచేతిలోకి మార్చుకుంది. అక్షరాలన్నీ పాకుతూ పక్కకు పోయాయి.

"మీ చెయ్యి ఏదైతే దాంతోనే రాయండవ్వా," అంది గౌసియా.

"తప్పు కాదా?"

"ఎవరన్నారు?"

ఆమె బలపాన్ని ఎడమచేతిలోకి మార్చుకుంది. పలక కూడా రాయే. అది నాకు దూరపు చుట్టం. ఆమె ఏం రాసిందో, ఏం చెరిపిందో నాకది రోజూ చెబుతున్నట్టే ఉండేది.

మొదటి వాన పడ్డ రోజు ఓబులమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని అట్ట మీద వేలు జరుపుతూ చదివింది. ముందు చేతిగొడ్డలి. తర్వాత ప, ని. పూర్తి దగ్గర చాలాసేపు పట్టింది. చివరిదాకా చదివి, మళ్లీ మొదట్నుంచి చదివింది. మూడో సారి చదవలేదు. గోడ మీద ఫోటో వైపు చూసింది.

"వీలుగా లేదంటే ఎట్లయ్యా," అంది. "అడిగుంటే చూపించేదాన్ని గదా."

ఆఫీసరు చెక్కపెట్టెలతో వచ్చాడు. ఒక్కో రాయినీ గడ్డిలో పొదిగి సర్దుతుంటే ఓబులమ్మ నన్ను మాత్రం ఇవ్వలేదు. దీని మీద రాసింది తప్పు, అంది. ఏం తప్పమ్మా అన్నాడాయన, కొంచెం నవ్వుతూ. ఎడంచేత్తో పట్టుకోండి, అంది. ఆయన పట్టుకున్నాడు. నవ్వు పోయింది. కాసేపు నన్ను అలాగే పట్టుకుని ఉండి, జేబులోంచి పెన్ను తీసి ఆమెకిచ్చాడు.

ఆమె చివరి రెండు ముక్కలు కొట్టేసి, కింద ఎడమ అని రాయబోయింది. ముందుగా 'ఎ' రాసింది. పెన్ను అక్కడే నిలిచిపోయింది.

ఆ అక్షరం వంక చాలాసేపు చూసింది. తర్వాత అప్పట్నుంచీ మూసే ఉన్న కిటికీ వైపు చూసింది.

"ఎండ కాదు," అంది మెల్లగా. "అయ్యో, ఎండ కాదయ్యా."

ఆఫీసరుకు ఏమీ అర్థం కాలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మిగతా అక్షరాలు పూర్తి చేసింది. ఎడమచేతిది. లేచి వెళ్లి రెండు రెక్కలూ తెరిచింది.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో ఉంటాను. కింద అచ్చు వేసిన చీటీ ఒకటి, దాని పక్కనే ఆ అట్టముక్క. ఒకే అట్ట మీద ఆయన నిట్టనిలువు అక్షరాలు, కింద ఆమె ఒరిగిపోయిన అక్షరాలు. వాళ్లిద్దరూ ఒక విషయం మీద మాట్లాడుకున్నది అక్కడొక్కచోటే.

ఏడాదికోసారి బస్సెక్కి వస్తుంది. మధ్యాహ్నం నా మీద ఎండ పడే వేళకు వచ్చి నిలబడుతుంది. పోయినసారి కాపలా ఆయన కిటికీ మూయబోయాడు. ఎండకు అక్షరాలు వెలిసిపోతాయి పెద్దమ్మా, అన్నాడు.

"వెలిసిపోతే మళ్లీ వచ్చి రాస్తా," అంది ఓబులమ్మ. "కిటికీ మాత్రం మూయొద్దు నాయనా."