ఉతకని మూటలు

నా తోడికోడలి చెయ్యి రోలరులోకి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. అందుకే ఈ కథ నేను చెబుతున్నాను. చూడనివాళ్ళు దీన్ని చాలా రకాలుగా చెప్పారు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు, అందులో మూడు అబద్ధాలు.

మాది పరాయి సైన్యపు శిబిరంలోని లాండ్రీ. శిబిరం ఉన్నది మా నేల మీదే. కానీ కంచె దాటి లోపలికి అడుగు పెడితే మా చట్టం చెల్లదు, వాళ్ళది చెల్లుతుంది. ఆ పెద్ద దేశానికి మా దగ్గరే కాదు, మా ఇరుగుపొరుగు చిన్న దేశాలు రెంటిలోనూ ఇలాంటి శిబిరాలున్నాయి. ఆ సిపాయిల దుప్పట్లూ చొక్కాలూ ఉతికేది మేము. అందరం ఆడవాళ్ళమే. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు మాత్రం మావాడే. దొరల కన్నా దొరల గుమాస్తాకే గీర ఎక్కువ.

దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు ముందు, చేతులు లోపలికి పోకుండా ఒక ఇనప కమ్మీ ఉండేది. కొత్త పటాలం దిగింది, పని పెరిగింది. కమ్మీ వల్ల దుప్పట్లు ఆలస్యమవుతున్నాయని కాంట్రాక్టరు దాన్ని ఊడదీయించాడు. ఆ పొద్దున దుప్పటి అంచుతో పాటు నా తోడికోడలి వేళ్ళూ లోపలికి వెళ్ళాయి. బాయిలరు దగ్గర పనిచేసే అక్క పరుగెత్తుకొచ్చి మిషను ఆపేసరికి చెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది.

శిబిరం ఆసుపత్రి బండి గుమ్మంలోనే ఉంది. అది సిపాయిలకు మాత్రమే అన్నారు. ఊళ్ళోంచి మా బండి వచ్చింది. దానికి లోపలికి అనుమతి లేదన్నారు. ఇటు ఆ బండి, అటు ఈ బండి, మధ్యలో మాసిన చొక్కాల గుట్ట మీద ఆమెను పడుకోబెట్టుకుని కూర్చున్నాం. ఆమె అరవడం మానేసింది. అరిచినంతసేపూ నయమే అనిపించింది నాకు. చివరికి మేమే ఒక దుప్పట్లో వేసి గేటు దాకా మోసుకెళ్ళాం. ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే కూర్చోమన్నాడు.

"లోపల జరిగింది కదమ్మా. లోపల మన పరిధి కాదు. కేసు రాయలేం."

"గేటు బయట కూడా రక్తం కారింది సార్. ఆ రక్తం ఎవరి పరిధి?" అంది బాయిలరు అక్క.

ఆయన ఫ్యాను వైపు చూశాడు. కాంట్రాక్టరు అప్పటికే అంతా ఆమె అజాగ్రత్త అని చెప్పేశాడు.

సరిగ్గా ఆ వారమే మా దేశమూ పక్క దేశాలు రెండూ కలిసి సైనిక కూటమి కట్టాయి. ముగ్గురు మంత్రులు చేతులు కలిపిన బొమ్మ గోడ గోడకీ అంటించారు. పెద్ద దేశం ఇక మా జోలికి రాకూడదట. వస్తే మూడు సైన్యాలూ లేస్తాయట. టీ కొట్టు రేడియోలో ఒకే మాట తిప్పి తిప్పి వేశారు: "ఒకరి మీద చెయ్యేస్తే ముగ్గురి మీద వేసినట్టే."

ఆ టీ కొట్టువాడు ఒకప్పుడు సైన్యంలో పనిచేశాడు. అందరం సిపాయి బాబాయి అంటాం. గ్లాసులు కడుగుతూ నవ్వాడు.

"ఇలాంటివి చాలా చూశానమ్మా. సంతకం పెట్టి పెన్నుకి మూత పెట్టేలోపు మర్చిపోతారు. సంతకాలకి చింతకాయలు రాల్తాయా?"

"రాల్తాయో లేదో అడిగి చూద్దాం. వాళ్ళ మాటే కదా, వాళ్ళకే అప్పజెబుదాం" అంది అక్క.

అడిగాం. కూటమి వ్యవహారాలు చూసే అధికారి గది ముందు పొద్దుటి నుంచి నిలబడితే మధ్యాహ్నానికి లోపలికి పిలిచారు. ఆయన వెనకాల గోడ మీద ఆ ముగ్గురు మంత్రుల బొమ్మే ఉంది.

"ఒప్పందం సైన్యాలకమ్మా. మీ చేతులకీ కాళ్ళకీ కాదు" అన్నాడాయన. "ఇది సున్నితమైన సమయం. ఇప్పుడు వాళ్ళని రెచ్చగొట్టకూడదు."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ? మా అందరి చేతులూ పోయాకా?" అంది అక్క.

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. మర్నాడు మేమెవరం పనిలోకి వెళ్ళలేదు. శిబిరం గేటు ఎదురుగా రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి కూర్చున్నాం. మేమడిగింది ఒక్కటే. ఆ చెయ్యి మీద మా స్టేషన్లో కేసు రాయాలి. కేసు రాస్తే ఆ కంచె లోపల కూడా మేం మనుషులమే అని ఒప్పుకున్నట్టు. అందుకే వాళ్ళు రాయరు, అందుకే మేం లేవం.

మొదట్లో సరదాగానే ఉంది. లోపల మాసిన బట్టలు గుట్టలు పడ్డాయి. ఎండ ఎక్కేకొద్దీ కంపు రోడ్డు మీదికొచ్చేది. "అన్నిటికీ అనుమతి కావాలంటారు, కంపుకి మాత్రం అక్కర్లేదు చూడు" అని నా తోడికోడలే నవ్వించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆమె మాతోనే కూర్చుంది, కట్టు కట్టిన మొండిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. ఉతకడానికి తీసుకున్న ప్రతి బట్టకీ కాలరు లోపల దారంతో గుర్తు కుట్టేది నేను. సిరా గుర్తులు వేడి నీళ్ళకు పోతాయి, దారం పోదు. మాది నీలం దారం, రెండు అడ్డగీతలు. పక్క దేశపు శిబిరం లాండ్రీది ఎర్ర దారం, ఒక చుక్క. ఆ అవతలి దేశానిది ఆకుపచ్చ. సిపాయిని అక్కణ్ణించి ఇక్కడికి మారిస్తే వాడి చొక్కాలు ఎర్ర చుక్కతో వచ్చేవి. ఆ చుక్క కత్తిరించి పారేసి మా గీతలు కుట్టేదాన్ని. అక్కడివాళ్ళూ మా గీతలకి అదే గతి పట్టించేవాళ్ళు. గుర్తు వేశామంటే ఆ బట్టకి మేమే జవాబుదారీ. ఒక బట్టకి రెండు గుర్తులు ఉండకూడదన్నది లాండ్రీ కట్టుబాటు. ఎర్ర చుక్క వేసే మనిషి మొహం నేనెప్పుడూ చూడలేదు. కుట్టు మాత్రం బిగువుగా ఉండేది, కత్తిరించడానికి చిరాకేసేది.

వానలు పడ్డాయి. టార్పాలిన్ చిరిగింది. ఒక్కొక్కరే పిల్లలకి జ్వరమనో, మొగుడు కోప్పడ్డాడనో ఇళ్ళకి వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళని తప్పుపట్టే ఓపిక కూడా మాకు లేదు. అప్పుడు కాంట్రాక్టరు కొత్త ఎత్తు వేశాడు. మాసిన బట్టలన్నీ మూటలు కట్టించి లారీకెత్తించాడు, సరిహద్దు దాటించి పక్క దేశపు లాండ్రీకి పంపడానికి. అడ్డం పడుకున్నాం. మా పోలీసులే, మా భాషలోనే తిడుతూ, పక్కకి ఈడ్చారు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం?

లారీ డ్రైవరు మా వీధివాడే, అందరికీ బావ. తల దించుకుని స్టీరింగ్ పట్టుకున్నాడు.

"నువ్వు కూడానా బావా?" అన్నాను.

"నాకూ ఇల్లుంది మరదలా" అన్నాడు. కాస్త ఆగి, "అక్కడ చెబుతాలే, ఏం జరిగిందో" అన్నాడు.

లారీ వెళ్ళాక టార్పాలిన్ కింద రగడ మొదలైంది.

"అయిపోయింది. వాళ్ళు ఉతికి పంపేస్తారు. ఇక మనతో ఎవరికి పని?"

"వాళ్ళూ మనలాంటివాళ్ళే కదా!" అన్నాను.

"అందుకే ఉతుకుతారు. పని వస్తే నువ్వు వద్దంటావా?" అని నిలదీసింది పిండే మిషను పిన్ని. "నిజం చెప్పు. వాళ్ళ మూటలు మన దగ్గరికొస్తే నువ్వు ఉతకవా?"

నిజమే చెప్పాను. "ఉతికేదాన్నేమో పిన్నీ."

అక్క నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె తడిసిన చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది.

"మంత్రులు మొహాలు చూసుకుని చేతులు కలిపారు" అంది. "మనం మొహాలు కూడా చూసుకోలేదు. మనది ఎలా కలుస్తుందో నాకూ తెలీదు. కానీ లేచి ఇంటికెళితే కలవదని మాత్రం తెలుసు. కూర్చోండి."

మర్నాడే అక్కని పట్టుకెళ్ళారు. కొత్తగా కట్టిన కూటమికి భంగం కలిగిస్తోందట! దేశాలు మూడు కలిసి పెద్ద దేశాన్ని నిలవరించడానికి చేసుకున్న కట్టడి, మొట్టమొదట ఒక బాయిలరు మనిషి మీద పడింది. జీపు ఎక్కుతూ ఆమె నినాదాలేమీ ఇవ్వలేదు. గొంతు పోయింది పాపం. "బాయిలరు వాల్వు కారుతోంది, లోపలికెళ్ళిన రోజు ముందు అది చూసుకోండి" అంది. లోపలికి మేమే వెళతామని, అదీ మా షరతు మీదే వెళతామని ఆమెకి అంత నమ్మకం. నాకు ఏడుపొచ్చింది. నమ్మే ఓపిక నాలో అయిపోయింది. సాయంత్రం దాకా చూసి టార్పాలిన్ విప్పేద్దామని పిన్ని అంటే కాదనలేకపోయాను.

మధ్యాహ్నం లారీ వచ్చింది.

కాంట్రాక్టరు గేటు దగ్గరే కాచుకున్నాడు, పక్కన ఇన్‌స్పెక్టరు. మూటలు చక్కగా కట్టి ఉన్నాయి. కాంట్రాక్టరు మా వైపు తిరిగి మీసం దువ్వాడు.

"చూశారా? లోకంలో మీరొక్కరే ఉన్నారనుకున్నారా ఉతికేవాళ్ళు?"

మేం లేవలేదు. డ్రైవరు బావ కిందికి దిగి, ఎవరూ అడక్కుండానే, లారీ వెనక తలుపు పడేసి ఒక మూట మా ముందుకి తోశాడు.

"ఇది మీదే" అన్నాడు.

నేను ముడి విప్పాను. కంపు గుప్పుమంది. మేం వదిలేసినప్పటి కంపే, ఇంకాస్త ముదిరింది. చొక్కాకి చెమట మరకలు అలాగే ఉన్నాయి. ఒక్క బొట్టు నీళ్ళు తగల్లేదు.

"ఇదేమిట్రా?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఏమో సార్. అన్నీ తీసుకున్నారు, రాత్రంతా కూర్చుని కుట్టారు, మళ్ళీ ఎక్కించారు. తీసుకెళ్ళమన్నారు."

"కుట్టారా? ఏం కుట్టారు?"

నా తోడికోడలు ఎడమ చేత్తో ఒక చొక్కా లాగింది. ఒంటి చేత్తో కాలరు తిప్పలేక నా ఒళ్ళో పడేసింది. నేను తిప్పాను. మా నీలం గీతలు రెండూ అలాగే ఉన్నాయి, కత్తిరించలేదు. వాటి పక్కనే, బిగువైన కుట్టుతో, ఎర్ర చుక్క.

ఇంకో చొక్కా తిప్పాను. ఇంకోటి తిప్పాను. పిన్ని వచ్చి రెండో మూట విప్పింది. ప్రతి కాలరులోనూ రెండు గుర్తులు. కట్టుబాటు తెలిసినవాళ్ళే, కావాలని తప్పారు. ఆ చెయ్యికి మేమూ జవాబుదారీ అని ఆ మొహం తెలియని మనిషి ఒక్కొక్క చుక్కతో చెప్పింది. గోడ మీది ముగ్గురు మంత్రులు చెప్పలేని మాట అది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను, ఆ కంపుకొట్టే చొక్కాలోనే మొహం పెట్టుకుని.

సిపాయి బాబాయి టీ కొట్టు వదిలి వచ్చాడు. కాలరు పట్టుకుని కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇది సంతకమంటే" అని, వెళ్ళి రేడియో కట్టేశాడు. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చొక్కాలు తిప్పి చూస్తున్నారు. జ్వరమని వెళ్ళినవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. లారీ ముందు కూర్చునేందుకు చోటు చాలలేదు. డ్రైవరు బావ తాళంచెవి జేబులో వేసుకుని మా వెనకాల గొంతుక్కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. కాంట్రాక్టరు మొహం మాడిపోయింది.

"ఏం, వీళ్ళొక్కరేనా? ఆ మూడో దేశానికి పంపుతా! చచ్చినట్టు ఉతుకుతారు!" అని అరిచాడు.

నా తోడికోడలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోంచి తీసి, ఆ కాలరు మీద ఆనించింది.

"పంపండి సార్" అంది. "ఇక్కడ ఇంకో గుర్తుకి చోటుంది."