గంగబాబు లేని ఉప్పుగాలి

అమలాపురంలో ఒక రాక్ బ్యాండు ఉందంటే కాకినాడ వాళ్ళు కూడా నమ్మేవారు కాదు. కానీ ఉంది. దాని పేరు ఉప్పుగాలి. గిటారు వాయించే మోహన్, పాడే గంగబాబు, డ్రమ్ములు వాయించే పోలిరాజు కాలేజీ రోజుల్లో కలిసి పెట్టుకున్న బ్యాండు అది. వాళ్ళ మొదటి ఆల్బం 'తుఫాను కబురు' కోనసీమ దాటి హైదరాబాదు దాకా వెళ్ళింది. అందులో గంగబాబు వేసిన కేక ఒకటుంది. గోదావరి దాటించే పంటు వెళ్ళిపోతుంటే రేవులో మిగిలిపోయినవాడు వేసే కేకలా ఉండేది. కుర్రాళ్ళు దాన్ని ఫోన్ల రింగుటోనుగా పెట్టుకున్నారు. బస్సులో ఫోను మోగితే డ్రైవర్లు సడన్ బ్రేకు వేసిన రోజులు కూడా ఉన్నాయి.

తర్వాత గంగబాబుకు పెళ్ళయింది, కువైట్ వీసా వచ్చింది. పోలిరాజు వాళ్ళ నాన్నకు మోకాళ్ళు పట్టేయడంతో అంతర్వేది దగ్గర రొయ్యల చెరువులు చూసుకోవడానికి అతనూ వెళ్ళిపోయాడు. మోహన్ ఒక్కడే మిగిలాడు. పెళ్ళి మేళంలో డ్రమ్ము కొట్టే బాబూరావును తెచ్చుకున్నాడు. పాడటానికి ఎంత వెతికినా ఎవరూ కుదరక ఆఖరికి తన భార్య శ్రీవాణినే పాడమన్నాడు.

శ్రీవాణి ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. మంచి గొంతు. పెళ్ళికి ముందు కాలేజీ పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న మనిషి. సరేనంది. ఏడాది కష్టపడి ముగ్గురూ కలిసి 'తేటనీరు' అనే కొత్త ఆల్బం చేసి యూట్యూబులో పెట్టారు.

మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు. రెండో రోజు నుంచి మొదలయ్యాయి.

'బ్యాండు పేరు ఉప్పుగాలి. పాటల్లో ఉప్పూ లేదు, గాలీ లేదు' అని ఒకరు రాశారు. 'ఇంట్లో వాళ్ళను పెట్టుకున్న పాటలు ఇంట్లోనే వినాలి' అని ఇంకొకరు. 'గిటారు బాగుంది. పాడేవాళ్ళు కాస్త పక్కకు జరిగితే ఇంకా బాగా వినపడేది' అని మరొకరు. 'అక్కా, వంట చేసుకుంటూ వినడానికి చాలా బాగుంది' అని ఒకమ్మాయి ప్రేమగా రాసింది. శ్రీవాణికి అన్నిటికంటే ఎక్కువగా తగిలింది అదే.

వీళ్ళందరికీ పెద్ద ధర్మరాజు. అతని ఖాతా పేరు 'ధర్మరాజు కొబ్బరి వర్తకం ఐనవిల్లి'. ఫోటో ఉండాల్సిన చోట కొబ్బరికాయల రాశి ఉండేది. రోజుకొక పాట విని, తెల్లారేసరికి దాని మీద అభిప్రాయం రాసేవాడు. మర్యాదలో లోటు చేసేవాడు కాదు.

'గౌరవనీయులైన మోహన్ గారికి నమస్కారములు. ఈ రోజు మూడవ పాట విన్నాను. విన్న తరువాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. బాధ చేతనండి. గంగబాబు గారు ఉన్న రోజుల్లో ఇలా ఉండేది కాదు. గాయని గారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. వారు పాడకుండా ఉండవలసింది, అంతే. ఇట్లు భవదీయుడు.'

మోహన్ అవి చదివి ఫోను పక్కన పెట్టేసేవాడు. శ్రీవాణి అలా కాదు. అన్నం వడ్డిస్తూ చదివేది, స్కూలుకెళ్తూ ఆటోలో చదివేది. తిండి తగ్గింది. పాడటం పూర్తిగా మానేసింది.

మోహన్ తల్లి వీరాయమ్మ వారం రోజులు చూసి ఊరుకుంది. తర్వాత కోడలి ఫోను లాక్కుని అవన్నీ తనే చదివింది. అరవై దాటిన మనిషి. రాక్ సంగీతమంటే ఆవిడకు తెలిసింది ఒక్కటే, అది మొదలవగానే వీధి తలుపు వేసుకోవాలని. కానీ కోడలి మీద ఈగ వాలనివ్వదు.

"ఎవడమ్మా ఈ ధర్మరాజు? మనింటికొచ్చి మన్ని పాడొద్దనడానికి వీడెవడు?"

"పోనీండి అత్తయ్యగారూ. వాళ్ళకి అలా అనిపించింది."

"నాకూ కొన్ని అనిపిస్తన్నాయి. చెప్పొద్దా మరి?"

అక్షరాలు కొట్టే ఓపిక లేక వీరాయమ్మ ఫోనులో మైకు గుర్తు నొక్కి, నోటితో చెప్పడం మొదలుపెట్టింది. "నీకు చెవులున్నాయా నాయనా?" అని గట్టిగా అడిగింది. ఫోను దాన్ని 'నీకు చెరువులున్నాయా నాయనా' అని రాసుకుని పంపేసింది.

పది నిమిషాల్లో ధర్మరాజు దగ్గర్నుంచి జవాబు వచ్చింది. 'లేవండి. కొబ్బరి తోట మాత్రమే ఉందండి. చెరువు వేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదండి. తమకు ఎన్ని ఎకరాలండి?'

దాని కింద మూడొందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు. రొయ్యల ధర పడిపోయిందనీ, ఈ ఏడు కొత్తగా చెరువు వేయొద్దనీ కొందరు సలహాలిచ్చారు. అంతర్వేది నుంచి పోలిరాజు కూడా ఒక సలహా ఇచ్చాడు. పాట సంగతి అందరూ మర్చిపోయారు.

వీరాయమ్మకు ఒళ్ళు మండింది. "ఫోన్లో కాదు, మొహం మీదే అడుగుతాను" అనుకుంది.

ఆదివారం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, "ఐనవిల్లి వినాయకుడి గుడికి వెళ్ళొద్దాం రా అమ్మా" అని కోడల్ని ఆటో ఎక్కించింది. దర్శనమైంది. ప్రసాదం తీసుకున్నారు. తిరిగి ఆటో ఎక్కాక, "ధర్మరాజు గారి కొబ్బరి కొట్టు దగ్గర ఆపు బాబూ" అంది వీరాయమ్మ.

"అత్తయ్యగారూ, వద్దండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు బాగానే ఉన్నాయి. దిగు."

రోడ్డు పక్కనే పెద్ద రేకుల షెడ్డు. లోపల కొబ్బరికాయలు రాశులు పోసి ఉన్నాయి. నలుగురు కాయలు ఒలుస్తున్నారు. నలభై అయిదేళ్ళ మనిషి, తెల్ల లుంగీ కట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆడవాళ్ళు రావడం చూసి లేచి నిలబడ్డాడు.

"రండి పిన్నిగారండి, రండి. కాయలు కావాలాండి?"

"ధర్మరాజంటే నువ్వేనా బాబూ?"

"ఆయ్. నేనేనండి."

"నేను ఉప్పుగాలి మోహన్ వాళ్ళమ్మని. ఈ పిల్ల నా కోడలు. పాడకుండా ఉండాల్సిందని రాసేవే, ఆ పిల్ల. ఆ మాట ఇప్పుడు మా మొహం మీద అను."

కాయలు ఒలిచేవాళ్ళు చేతులాపేశారు. ధర్మరాజు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని శ్రీవాణిని చూశాడు.

"చెల్లెమ్మగారండీ... అయ్యబాబోయ్... కూర్చోండి ముందు. ఏవే సూర్యకుమారీ, కుర్చీలు తే. బొండాలు కొట్టించండర్రా!"

"బొండాలొద్దు. మాట చెప్పు."

"ఎండన పడి వచ్చేరు. గొంతు తడుపుకోకుండా తిడితే మీకే ఇబ్బందండి. తాగేక తిట్టండి."

వీరాయమ్మ కూర్చుని బొండం తాగింది. ధర్మరాజు భార్య సూర్యకుమారి పళ్ళెంలో పూతరేకులు తెచ్చిపెట్టింది. అవీ తిన్నారు. తిట్టడానికి వచ్చిన మనిషి పూతరేకులు తిన్నాక పట్టు కొంచెం సడలుతుంది.

"ఇప్పుడు చెప్పు బాబూ. ఆ గంగబాబులో ఏవుంది, మా పిల్లలో ఏం లేదు?"

ధర్మరాజు కాసేపు చేతులు నలుపుకున్నాడు. "పిన్నిగారండి, నేను ముందు లారీ మీద కొబ్బరికాయలేసుకుని నాగపూరు వెళ్ళేవాణ్ణండి. సొంతంగా తోలుకుని. తెల్లారుజామున కళ్ళు మూతలు పడిపోయేవండి. అప్పుడు గంగబాబు గారి పాట పెట్టేవాణ్ణి. ఆయన ఒక కేక వేసేవారు, నేను సీట్లోంచి లేచి కూర్చునేవాణ్ణి. ఆ కేక లేకపోతే ఈపాటికి నేను గోడ మీద ఫోటోలో ఉండేవాణ్ణండి. అందుకే ఆయన లేరనేసరికి... తట్టుకోలేకపోయేనండి."

శ్రీవాణి తలెత్తి చూసింది. అతను అబద్ధం ఆడటం లేదు.

"మరి నా పాటలు?" అని నెమ్మదిగా అడిగింది.

ధర్మరాజు భార్య వైపు చూశాడు. సూర్యకుమారి ఆయన్ని కాపాడదల్చుకోలేదు. "ఈయన రోజూ మీ పాటలు పెట్టుకునే పడుకుంటన్నారండి. పెట్టిన అయిదు నిమిషాలకి గురక. నాగపూరు మానేసిన కాడ్నించీ నిద్ర లేని మనిషండి. మీ పుణ్యమా అని ఇప్పుడు పడతంది. పొద్దున్నే లేచి, నిద్రొస్తందని మిమ్మల్నే తిడతన్నారు."

అది పొగడ్తో తిట్టో శ్రీవాణికి అర్థం కాలేదు. ధర్మరాజు ముఖం దాచుకోవడానికి ఒక కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి ఊపాడు.

"నాలుగో పాటలో మాత్రం మెలకువొచ్చేస్తందండి" అన్నాడు మాట మార్చి. "అందులో డ్రమ్ము మరీ మోత. మాటలు వినపడతల్లేదు."

"అదే!" అని వీరాయమ్మ కుర్చీలోంచి లేచింది. "అదే నేనూ మొత్తుకున్నాను బాబూ! ఆ బాబూరావు పెళ్ళికొడుకు గుర్రం దిగుతున్నట్టే కొడతాడు. పిల్ల ఏం పాడుతుందో నాకే తెలీదు."

"మరేనండి. అయిదో పాట బానే ఉందండి."

"ఏం బావుంది? ఒకే ముక్క ఎనిమిదిసార్లు. ఆరోది మొదలైతే ఎప్పుడవుతుందో తెలీదు. నేను మధ్యలో లేచి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చినా ఇంకా అవుతానే ఉంది."

"ఏడోది విన్నారాండి?"

"విన్నాను. దానికంటే ఆరోదే నయం."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆల్బం మొత్తాన్ని కాయ ఒలిచినట్టు ఒలిచేశారు. శ్రీవాణి అటూ ఇటూ చూసింది. వారం రోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"ఆపండీ!"

షెడ్డు రేకులు మోగాయి. చూరులోని పావురాలు లేచిపోయాయి. కాయలు ఒలిచేవాడొకడు గునపానికి గుచ్చిన కాయ వదిలేసి వెనక్కి గెంతాడు.

"ఏడాది కష్టపడి పాడేను! స్కూలు నుంచొచ్చి, వంట చేసి, అప్పుడు పాడేను! ఒకరికి నిద్రొస్తుంది, ఒకరికి పప్పు గుర్తొస్తుంది! మీకు నచ్చకపోతే నాకెందుకు? నేను గంగబాబుని కాదు! కాదు! కాదు!"

మూడో 'కాదు' చాలాసేపు నిలబడింది. శ్రీవాణి సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ధర్మరాజు మాత్రం లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో కాయ అలాగే ఉంది. "చెల్లెమ్మగారండీ" అన్నాడు, "ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టేరండి? పాటల్లో ఇది ఒక్కచోట కూడా లేదేంటండి?"

శ్రీవాణి ఇంటికి రాగానే గిటారు తీగలు మారుస్తున్న మోహన్ ముందు కూర్చుంది.

"రికార్డింగులో నన్ను తగ్గించి పాడమన్నారు. ఎందుకు?"

మోహన్ కాసేపు తీగ బిగించినట్టు నటించాడు. "గట్టిగా పాడితే గంగబాబుతో పోలుస్తారని భయం వేసింది వాణీ. మెల్లగా పాడితే ఎవరూ పోల్చరనుకున్నాను."

"ఇప్పుడు?"

"మెల్లగా పాడినా పోల్చేరు."

"అయితే ఈ శుక్రవారం కొత్తపేటలో మన ప్రోగ్రాం ఉందిగా, అక్కడ గట్టిగా పాడతాను. బాబూరావు గారికి చెప్పండి, నా మాట మీద ఆయన కర్ర పడకూడదని."

కొత్తపేటలో యువజనోత్సవం శుక్రవారం సాయంత్రం జరిగింది. కాలేజీ మైదానం నిండిపోయింది. ధర్మరాజు భార్యను తీసుకుని ముందే వచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు. వీరాయమ్మ ఆయన పక్క కుర్చీ పట్టుకుంది. శ్రీవాణి స్టేజీ ఎక్కిందో లేదో వెనక నుంచి కుర్రాళ్ళు "గంగబాబు! గంగబాబు!" అని మొదలుపెట్టారు.

మోహన్ గిటారు మీద చెయ్యి ఆపేశాడు. శ్రీవాణి మైకు అందుకుంది.

"గంగబాబు గారు కువైట్లో ఉన్నారండి. శుక్రవారం ఆయనకి సెలవు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే బట్టలు ఉతుక్కుంటున్నానన్నారు. ఆయన బట్టలారేసుకుని వచ్చేదాకా మీరు నన్నే వినాలండి."

మైదానమంతా నవ్వింది. నవ్వు తగ్గేలోగా ఆమె నాలుగో పాట ఎత్తుకుంది. బాబూరావు కర్రలు ఒళ్ళో పెట్టుకుని తన వంతు కోసం చూస్తూ కూర్చున్నాడు. చివరి చరణంలో ఆమె గొంతు విప్పితే ముందు వరుసలోని ఒక పెద్దాయన రెండు చెవులూ మూసుకున్నాడు. ధర్మరాజు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. వెనక వరుసల్లో కొందరు లేచి బజ్జీల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు మళ్ళీ పాడమన్నారు. మళ్ళీ పాడింది. మూడోసారీ పాడింది.

గంగబాబు కువైట్ నుంచి వీడియో చూసి ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, ఉప్పుగాలిలో నా ఉద్యోగం పోయింది. మిరియాల పాలు తాగు" అన్నాడు.

మర్నాడు శనివారం. శ్రీవాణి స్కూలుకు వెళ్ళేసరికి గొంతు పూర్తిగా పోయింది. చిన్న మాట కూడా రావడం లేదు. ఎనిమిదో తరగతిలోకి వెళ్ళి బోర్డు మీద 'గోదావరి డెల్టా' అని రాసింది. పిల్లలు పుస్తకాలు తీయలేదు. అందరూ వీడియో చూసి వచ్చారు.

"టీచర్, చాలా బాగా పాడేరండి" అంది మొదటి బెంచీ కుమారి.

"అరిచేరు, పాడలేదు" అంది వెనక బెంచీలో ఇంకో పిల్ల.

"అరవడం కూడా పాటే."

"మా అన్నయ్య పాతవే బాగుంటాయన్నాడు."

"మీ అన్నయ్యకేం తెలుసు?"

అయిదు నిమిషాల్లో తరగతి రెండుగా చీలిపోయింది. శ్రీవాణి సుద్దముక్క తీసుకుని 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాలతో రాసింది. ఎవరూ బోర్డు వైపు చూడలేదు. బల్ల మీద స్కేలు కొట్టింది. వినిపించుకోలేదు. ఆమె ఇక చేసేదేమీ లేక కుర్చీ లాక్కుని కూర్చుంది. గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎవరు ఏమంటున్నారో మొదటి నుంచీ శ్రద్ధగా వినసాగింది.