విగ్‌ఫెర్త్ రాజు తడి అడుగులు

మార్ల్‌హామ్ చర్చిలో ప్రతి ఉదయమూ మొదటి పని రాజుగారి అడుగులు తుడవడం. రాత్రి తలుపులన్నీ మూసి తాళాలు వేసినా సరే, తెల్లవారేసరికి విగ్‌ఫెర్త్ రాజు రాతి సమాధి నుండి బురదనేల వైపు వాకిలి వరకు తడి పాదముద్రలు పడి ఉంటాయి. వానపడింది అన్నంత మామూలుగా ఊరివాళ్లు "రాజు నడిచాడు" అంటారు. ఇంటికి ఒక వారం వంతున తుడుస్తారు.

తుడవడానికి ఒక నియమమున్నది. వెయ్యేండ్ల క్రిందట సముద్రం దాటి వచ్చిన డేనులనే దోపిడీమూక ఊరిమీద పడి నిప్పుపెట్టినప్పుడు, ప్రజలను కత్తులకు వదిలి బురదలోకి పారిపోయిన రాజు విగ్‌ఫెర్త్. అట్టివాని అడుగులను కన్నెత్తి చూడరాదు. కనుక తుడుపుకర్రను వెనుక ఈడ్చుకుంటూ, తల దించకుండా, సమాధి నుండి వాకిలికి నడవాలి. తాతల నాటి నుండి అందరూ అలాగే తుడిచారు.

ఆ వారం హెస్టర్ థ్రప్ వంతు వచ్చింది. ఆమెకు ఊరి ముఖం చూడడానికే సిగ్గుగా ఉంది. చలికాలపు వరదలో ఆమె కొడుకు గార్త్, లెన్ టాపర్‌ను ఇంటి కప్పు మీద వదిలి, అతని ఇద్దరు పసిపిల్లలతో పడవను మళ్లించుకొని వచ్చాడు. మరల వెళ్లేసరికి కప్పూ లేదు, లెన్ లేడు. పడవలో ఇంకొకరికి చోటున్నదని గట్టున నిలబడినవారు చెప్పుకున్నారు. పిల్లలకు ఇంకా మాటలు రావు. గార్త్ నోరు విప్పలేదు.

శనివారం రొట్టెల దుకాణం నడిపే డాట్ అందరికీ వినబడేటట్లు అడిగింది.

"ఏం హెస్టర్, మీ విగ్‌ఫెర్త్ ఇంట్లోనే ఉన్నాడా? లేక వాన మబ్బు చూసి అప్పుడే ఊరు దాటేశాడా?"

అందరూ నవ్వారు. హెస్టర్ రొట్టె తీసుకొని తలవంచుకొని వచ్చేసింది. ఇంటికి వచ్చి, కొడుకు వైపు చూడకుండానే అన్నది:

"కొన్నాళ్లు పెరటి దారిన పోరాదుట్రా?"

"ఆ బాధ కూడా వద్దులే అమ్మా. రేపు ప్రార్థన అయ్యాక ఊరి సభలో వాళ్లు పడవ పనిలోంచి నన్ను తీసేస్తారు. పడవ షెడ్డు తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టి, మధ్యాహ్నం బస్సుకి బ్రిస్టల్ పోతా. మళ్లీ రాను."

ఉండమని ఆమె అనలేదు. పైగా గుండె బరువు కొంత దిగినట్లు తోచింది. తోచినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం ఉదయం చర్చిలో సగం దూరం తుడిచేసరికి ఆమె తడిలో కాలు జారి, బోర్లా పడ్డది. ముఖం నేలకు జానెడు దూరాన ఆగింది. చూడరానిదంతా కళ్లెదుటనే ఉన్నది.

వాకిలి వైపు వెళ్లిన అడుగులలో అరికాలంతా అచ్చుపడి, వేళ్లు విచ్చుకొని ఉన్నాయి. చంకలో బిడ్డను పెట్టుకొని నీళ్లు దాటినప్పుడు తన అడుగులు కూడా ఇలాగే పడేవి. కానీ వాటి మీదనే, సమాధి వైపుకు మళ్లిన అడుగులు కూడా ఉన్నాయి. వాటిలో మునివేళ్లే కనబడుతున్నాయి. పరుగెత్తినవాని అడుగులు. వెళ్లినవీ వచ్చినవీ ఒకదానిమీద ఒకటి, లెక్కకు అందనన్ని.

పారిపోయేవాడు ఒక్కసారే పోతాడు. ఈయన మనుషుల బరువు మోస్తూ వెళ్లి, మంటలలోకే మళ్లీ మళ్లీ పరుగెత్తి వచ్చాడు.

హెస్టర్ తుడుపుకర్రను గోడకు చేర్చింది. మిగిలిన అడుగులను అలాగే ఉంచింది.

ప్రార్థనకు వచ్చినవారు వాకిలిలోనే ఆగిపోయారు. డాట్ మూతి విరిచింది. "తుడవకుండా వదిలేశావేమే? సిగ్గు లేదూ?"

"ఉంది. అందుకే వదిలేశాను. వంగి చూడండి."

పాదిరిగారు కళ్లజోడు సవరించుకొని వంగారు. వెనుక నుండి ఎవరో ముసలాయన గొణిగాడు: "అవునుగానీ, ఆవేళ అందర్నీ నరికేస్తే మనమంతా ఎవరి పిల్లలం?"

పురుషులు టోపీలు తీశారు. అడుగులు తొక్కకుండా రెండు గోడల వెంబడి ఒదిగి నిలబడ్డారు. అప్పుడే గార్త్ తాళంచెవి పట్టుకొని లోపలికి వచ్చాడు. పుచ్చుకోవడానికి చేయి చాపినవారు లేరు.

లెన్ భార్య మ్యూరియల్, చిన్నపిల్లను ఎత్తుకొని, అతని ఎదుటికి వచ్చింది. ఇన్నాళ్లూ అతని నీడను సైతం తప్పించుకొని తిరిగిన మనిషి.

"మా ఆయన్ని ఆఖరిసారి చూసినవాడివి నువ్వే. ఏమన్నాడు గార్త్?"

గార్త్ నేల మీది అడుగులను చూశాడు.

"చెప్పకూడదనుకున్నా పిన్నీ. అది ఆయన పరువు... పడవ అప్పటికే నీళ్లు తాగుతోంది. 'పిల్లల ముందు నాకు భయం పుట్టేలోగా పడవ తియ్యరా' అన్నాడు. తీశాను."

మ్యూరియల్ పిల్లను అతని చేతికి అందించింది. పిల్ల అతని కాలరు పట్టుకొని పీకసాగింది. ఆనాడు సభ జరగలేదు. మధ్యాహ్నం బస్సు గార్త్ లేకుండానే వెళ్లిపోయింది.

ఒక్క ప్రశ్న. పరాయి ఆడది అడిగింది, కన్నతల్లి అడగలేదు.

గార్త్ పిల్లను ఎత్తుకొని అమ్మ కోసం చుట్టూ చూశాడు. హెస్టర్ స్తంభం చాటున నిలిచి ఉన్నది. కొడుకు ముఖం చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.