జీవమ్మ ఊరిపటం

నందికొట్కూరులో గోడల మీద, దుకాణాల మీద పేర్లు రాసే పని కృపారాణిది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని సగానికి పైగా పోయింది. అందుకని కల్యాణమండపం యజమాని గోపీనాథ్ పిలిపించి, పెద్ద రేకు మీద ఊరి పటం బొమ్మలతో గీయాలన్నప్పుడు వెంటనే ఒప్పుకుంది. పైగా ఆ పటం జీవమ్మ పేరు మీద.

జీవమ్మ చర్చిపేట మనిషి, డెబ్బై దాటింది. పత్తి మిల్లులో పనిచేస్తూనే రాక్షసులూ మాట్లాడే రాళ్లూ ఉండే మాయాలోకపు నవలలు తొమ్మిది రాసింది. ఇన్నేళ్లూ ఊరు ఆమెను పట్టించుకోలేదు. పోయినేడు హైదరాబాదులో ఆమెకు బహుమతి ఇచ్చి, పేపర్లో ఫోటో పడేసరికి, గోపీనాథ్ ఆమె పేరుతో ఒక కమిటీ పెట్టి తానే అధ్యక్షుడయ్యాడు. నవలల్లోని చోట్లు ఊళ్లో ఎక్కడెక్కడున్నాయో చూపించే పటం బస్టాండు ఎదుట నిలబెట్టాలన్నది అతని ఆలోచనే.

కృపారాణి ఆ నవలలన్నీ చదివింది. అయినా జీవమ్మను వెంటబెట్టుకొని మూడు రోజులు ఊరంతా తిరిగింది. తెల్ల రాక్షసుడి గుహ అంటే దూది ఎగిరి ఊపిరాడని పత్తి మిల్లు. చచ్చినవాళ్లు కూర్చుని చుక్కలు చూసే గుట్ట అంటే సమాధుల దొడ్డి. పాము కాపలా కాసే బావి మాత్రం దొరకలేదు.

"ఆ బావి యాడుండాదవ్వా?" అని అడిగింది.

ముసలామె కల్యాణమండపం వెనక్కి తీసుకుపోయింది.

ప్రహరీ మలుపు తిరగకముందే కంపు కొట్టింది. రాతికట్టు బావి. అందులో సగం దాకా ఎంగిలి విస్తళ్లు, పులిసిన సాంబారు, బూజుపట్టిన అన్నం. అన్నమే కదులుతున్నట్టు తెల్లటి పురుగులు. మండపం మరుగుదొడ్ల పైపు కూడా బావి గోడకు బొక్కపెట్టి అందులోకే వదిలారు. కృపారాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా ఆగలేక గోడవారకు పోయి వాంతి చేసుకుంది.

జీవమ్మ చిన్నప్పుడు ఊరికంతా మంచినీళ్లు ఆ బావివే. చర్చిపేటవాళ్లు మాత్రం కడవలు పట్టుకొని దూరంగా నిలబడాలి. ఎవరైనా దయతలచి పోస్తే పట్టుకోవాలి. గట్టు మీద కట్టె పట్టుకొని కూర్చునేది గోపీనాథ్ తాత. ఒకనాడు దాహానికి తాళలేక జీవమ్మ చేద ముట్టుకుంది. ఆయన కట్టెతో కొట్టిన దెబ్బకు వంకరపోయిన ఎడమ మోచేయి ఇప్పటికీ చాపడానికి రాదు. కథలోని పాము అట్లా పుట్టిందని చెప్పి, ఆమె చెప్పులకు అంటిన జిడ్డును రాయికి రుద్దుకుంది.

పెన్సిలు గీతలు చూడటానికి గోపీనాథ్ వచ్చాడు. బోండా తింటూ నూనె వేళ్లతోనే పటం మీద చూపించసాగాడు. నవలలు ఒక్కటీ చదవలేదని మాటల్లోనే తెలిసిపోతోంది. తన మండపాన్ని మంచిరాజు బంగారు మేడగా వేయాలట. వెనకాల బావి నిండా తామరపూలు ఉండాలట.

"మా జేజినాయన అందరికీ నీళ్లు పోసినోడమ్మా. బావి పక్కన ఆయన్ని కూడా వెయ్యి, ధర్మరాజు మాదిరి," అన్నాడు.

కృపారాణి రెండు రోజులు మేడకు పసుపు రంగు పూసింది. రంగు పూస్తున్న తన చెయ్యి తనకే రోతగా కనిపించింది. మూడో రోజు కుంచె పక్కన పెట్టి జీవమ్మ ఇంటికి పోయి, గోపీనాథ్ వేయమన్నదంతా చెప్పింది. కానీ ఆమె కోపగించుకోలేదు.

"వెయ్యి పాపా, వాళ్లు చెప్పినట్టే వెయ్యి. బస్టాండు కాడ నా పేరు చూసుకోవాలని నాకూ శానా ఆశ ఉండాది," అంది.

ఆ మాటకు కృపారాణికి ముసలామె మీద కూడా ఏవగింపు కలిగింది. వీధి చివరికి వచ్చేసరికి, అంత చిన్న కోరికను ఏవగించుకున్నందుకు తన మీదే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి మేడను అట్లాగే ఉంచింది. దాని వెనక బావిని మాత్రం చూసింది చూసినట్టు వేసింది. విస్తళ్లు, పురుగులు, పైపు. గట్టు మీద కట్టె పట్టుకున్న మనిషి. దూరంగా కడవతో ఒక పిల్ల. పామును వేయలేదు. పైన జీవమ్మ పేరు అందరికీ కనబడేంత పెద్దగా రాసి, పటానికి గుడ్డ కప్పే బస్టాండుకు పంపింది.

పటం నిలబెట్టిన రోజు గుడ్డ తీయగానే జనం చప్పట్లు కొట్టారు. దగ్గరికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆపేశారు. పూలమ్మే లక్ష్మీదేవమ్మ కట్టె మనిషి మీద వేలు పెట్టి, ఈయన ఆ పెద్దాయనే కదా అని మెల్లగా అడిగింది. గోపీనాథ్ ఫోటోలకు నవ్వుతూనే ఉన్నాడు, దవడలు మాత్రం బిగుసుకుపోయాయి. జీవమ్మ ముందు తన పేరు చదువుకుంది. తర్వాత కడవ పిల్లను చాలాసేపు చూసింది.

"చెయ్యి వంకర సరిగ్గా ఏసినావే," అంది.

మర్నాటి పొద్దున బస్టాండు ఎదుట పటం లేదు. మండపం ఊడ్చే మనిషి చెబితే కృపారాణి, చర్చి కాపలాదారు ఏసన్న కలిసి పోయి చూశారు. పటం బావిలో విస్తళ్ల మీద బోర్లా పడి ఉంది. ఏసన్న పంచె ఎగ్గట్టి తాడు వేశాడు. అంచు పట్టుకుని లాగుతుంటే పులిసిన గుజ్జు కృపారాణి మోచేతుల దాకా కారింది. ఈసారి వాంతి రాలేదు. పళ్లు బిగించి లాగింది.

చర్చి కొళాయి దగ్గర సబ్బుపొడి వేసి కడిగారు. జీవమ్మ కూడా వచ్చి కూర్చుని కుడిచేత్తో తుడిచింది. ఎనామిలు రంగు చెక్కుచెదరలేదు. పాస్టరును అడిగి, మధ్యాహ్నానికి దాన్ని చర్చి ప్రహరీకి రోడ్డువైపు బిగించారు. సాయంత్రానికి చూసేవాళ్లు మొదలయ్యారు.

మూడు రోజులు కృపారాణికి అన్నం సహించలేదు. ముద్ద నోటి దగ్గరికి తెస్తే అదే కంపు. నాలుగో రోజు గోపీనాథ్ మనిషిని పంపాడు. పనోళ్లు తెలియక పారేశారట, మండపం వెనక కాస్త మార్చి కొత్తది వేసిస్తే బాగుంటుందట. ఆ మనిషి గుమ్మంలో నిలబడి బదులు కోసం చూస్తూ ఉన్నాడు. కృపారాణి అతన్ని అక్కడే వదిలి తొట్టి దగ్గరికి పోయి, చేతులకు మళ్లీ సబ్బు రుద్దుకుంది.