ఇలాంటిదే ఇంకో కార్డు

రెండో వరద ఏడాదే కదా, మొదటి వరదకి వంతెన పోయింది, రెండోదానికి అంబులెన్సు షెడ్డులో నడుంలోతు నీళ్లు నిలిచి టెలిఫోను పెట్టె ఉబ్బి చచ్చింది, దాని పని అల్లుడు ఓ కంప్యూటరుకి అప్పగించాడు, అవును ఆ ఏడాదే, షెడ్డు నుంచి ఇంటికెళ్లే బస్సులో నేను, ఒళ్లో సంచి, సంచిలో మూడు కార్డులు, మూడూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి, పచ్చటి రేకు, అంచున ఇత్తడి రంగు పళ్లు, మధ్యలో నల్లటి చిప్, ఇంతోటి ముక్క కోసం చెప్పులరిగేలా తిరిగాను, నా పైపుల పనిలో పాత ముక్క తెచ్చి కౌంటరు మీద పెడితే చాలు, కొట్టువాడు అలాంటిదే ఇచ్చేవాడు, మాటతో పనేముంది, మరకి మర కుదిరితే నీళ్లు కారవు, ఈ కంప్యూటర్లకేం రోగం, బిగుస్తుంది గానీ పలకదు, మన ప్రోగ్రాము ఈ కార్డుని గుర్తుపట్టట్లేదు మామయ్యా అంటాడు అల్లుడు, గుర్తుపట్టకపోవడానికి అదేమైనా దూరపు చుట్టమా, ఎవరెవరో కలిసి రాసి అందరికీ ఊరికే వదిలేసిన ప్రోగ్రామట, ఊరికే వచ్చినదానికి ఇంత బిగువా అనుకున్నాను, అనలేదు.

షెడ్డులో ఫోనెత్తే మనిషి నా కూతురు, వరద తగ్గినప్పటి నుంచి మోగని బల్ల ముందు కూర్చుంటోంది, ఆ నంబరు ముసలీముతకకి కూడా కంఠతా, ఐఎస్‌డీఎన్ అనే టెలిఫోను లైను బాగానే ఉందట, దాన్ని కంప్యూటరుకి కలిపే కార్డే లేదు, శనివారంలోగా లైను పనిచెయ్యకపోతే నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తామని టెలిఫోను ఆఫీసువాళ్లు చెప్పేశారు, మెట్ల మీంచి పడ్డావిడని నిన్న తోపుడుబండి మీద తీసుకెళ్లారట నాన్నా, అంది, అని ఊరుకుంది, నా కూతురే కదా.

పాత సామాన్ల కొట్టువాడికేం, ఏం కావాలి తాతా అన్నాడు, సంచిలోంచి తీసి పెట్టాను, తిప్పి చూసి, నీ అదృష్టం, వేరే రకాలు గంపెడున్నాయి గానీ ఇది ఒక్కటే మిగిలింది అని దుమ్ము ఊది ఇచ్చాడు, రెండో కొట్టులోనూ అంతే, ఇవాళ అల్లుడు మూడింటినీ వరసగా పేర్చి తల పట్టుకున్నాడు, మామయ్యా, మొదటిది మీకెందుకిచ్చాను, ఇది పనికిరాలేదు, వేరే చిప్ ఉన్నది కావాలని చెప్పమన్నానా లేదా, చెప్పారా, అన్నాడు, ఆయన చెప్పడమా, అమ్మని మంచినీళ్లు కూడా గ్లాసు చూపించే అడిగేవారు, అని కూతురు నవ్వింది, నవ్వుతూనే దుమ్ములేని బల్ల మళ్లీ తుడిచింది, కావలసిన చిప్ పేరు అల్లుడు నా నోరు తిరిగేదాకా పలికించాడు, బడిలో కూడా ఇంత పలకలేదు.

బస్సు కుదుపుకి సంచిలో మూడూ గలగలమన్నాయి, కొట్టువాళ్ల మీద కోపం, ప్రోగ్రాము మీద కోపం, తీరా చూస్తే వాళ్ల తప్పేముంది, నేను చూపించిందే ఇచ్చారు, ముక్క చూపిస్తే అలాంటిదే దొరుకుతుంది, అలాంటిది కాదు అని చూపించడానికి ముక్క ఉండదు, దానికి మాటే కావాలి.

మర్నాడు పొద్దున్నే కొట్టువాడు షట్టరు ఎత్తేసరికి ఎదురుగా నుంచున్నాను, మళ్లీ అదేనా తాతా అన్నాడు, సంచి ఇంట్లోనే వదిలేసి వచ్చాను, చేతులు ఖాళీ, ఆ గంప ఇలా లాగి కూర్చో బాబూ, కాస్త మాట్లాడాలి, అన్నాను.